బస్రా గోడ మీది పేరు

కాలేషాకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకటే దిగులు. వాళ్ళ నాయనకి సమాధి లేదు.

కాలేషా కడుపులో ఉన్నప్పుడే ఆ మనిషి తెల్లదొరల పటాలంలో చేరి, సముద్రాల అవతల అరబ్బుల దేశంలో బస్రా యుద్ధానికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడ పోయిన సిపాయిలందరి పేర్లూ ఒక గోడ మీద చెక్కించామని, అందులో మీ ఆయన పేరు కూడా ఉందని. అంతే. శవాన్ని చూసింది లేదు, పిడికెడు మన్ను వేసింది లేదు. ఆ గోడ ఒక్కసారి చూడాలని తపించి తపించి పోయింది వాళ్ళమ్మ. పాపం, బస్రా ఏ దిక్కునుందో కూడా ఆవిడకి తెలియదు.

కాలేషా రాళ్ళు కొట్టే పని నేర్చాడు. ఎంత మొండి రాయైనా అతని ఉలి కింద చెప్పినట్టు వినేది. ప్రతి గురువారం దర్గాకి వచ్చి, దర్గా పెద్ద పీరుగారి దగ్గర కూర్చునేవాడు.

"హజ్రత్, అందరూ వాళ్ళ పెద్దల సమాధుల మీద పూలు వేస్తారు. నేనెక్కడ వెయ్యాలి?" అని అడిగేవాడు.

ఆయన అతని తల నిమిరేవారు.

ఇంతలో స్వరాజ్యం వచ్చింది. రేవు దగ్గర తెల్లోళ్ళ స్తంభం ఒకటి ఉండేది. ఎప్పుడో ఏదో యుద్ధంలో చచ్చిపోయిన దొరల పేర్లు దాని నిండా. "వాళ్ళే పోయాక వాళ్ళ రాయి మనకెందుకు? కొట్టి పారెయ్యండి" అన్నారు ఊళ్ళోవాళ్ళు. పని కాలేషాకే వచ్చింది.

అబ్బో, ఎంత సంబరపడ్డాడో! నాయన్ని మింగినవాళ్ళ మీద కసీ తీరుతుంది, ఆ రాయితో దర్గాకి మెట్లూ పడతాయి. స్వామికార్యం, స్వకార్యం. పరిగెత్తుకుంటూ పీరుగారి దగ్గరికి వచ్చాడు.

"మీ గుమ్మానికి మెట్లు కడతాను హజ్రత్. దొరల పేర్లు తొక్కుకుంటూ నడుద్దురుగాని!"

"ఎప్పుడు మొదలు?" అని మాత్రం అడిగారాయన.

"రేపు పొద్దున్నే."

మర్నాడు కాలేషా ఉలి, సుత్తి పట్టుకుని వెళ్ళేసరికి పీరుగారు అక్కడే ఉన్నారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, నడుం వంచి స్తంభం చుట్టూ ఇసుక ఊడుస్తున్నారు. ఊడ్చి, కడవతో నీళ్ళు పోసి, అక్షరాల్లో పట్టిన నాచు గోటితో గీకి తీశారు. ఊదొత్తులు వెలిగించారు. గిన్నెలో చక్కెర ముందు పెట్టుకుని, పోయినవాళ్ళ పేరున చదివే ఫాతిహా మొదలుపెట్టారు.

కాలేషాకి ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం పని హజ్రత్! వీళ్ళు మనవాళ్ళా? మన నెత్తినెక్కి కూర్చున్నవాళ్ళకి ఫాతిహానా?"

పీరుగారు చదవడం ముగించి, రెండు చేతులతో ముఖం తుడుచుకుని, చిటికెడు చక్కెర అతని అరచేతిలో పెట్టారు.

"మీ నాయన బస్రా వెళ్ళింది ఎవరి నెత్తిన కూర్చోవడానికిరా?"

ఎన్నడూ చూడని నాయన మీద అంత బెంగ కాలేషాకి మునుపెన్నడూ కలగలేదు. ఉలి, సుత్తి పక్కన పెట్టి ఇసుకలో కూర్చున్నాడు. చిన్న గొంతుతో అడిగాడు.

"ఆ గోడ మీద నాయన పేరు ఇంకా ఉంటుందంటారా?"

"ఏమో. అక్కడి నుంచీ తెల్లోళ్ళు పోయే రోజొకటి వస్తుంది," అన్నారు పీరుగారు. "ఆ ఊళ్ళోనూ రాళ్ళు కొట్టేవాడు ఒకడు ఉండే ఉంటాడు. వాడి కోసం దువా చెయ్యి."