దాసన్న ముక్కుకు తగలనిది

తెల్లవారింది. తుంపర పడుతోంది. సంత నుంచి వచ్చిన పొట్టేలు, మందకు కొత్త అల్లుడు, గొర్రెల దొడ్డి వాకిట్లో నిలబడింది.

సంతలో గాలికుంటు తిరుగుతోందని అప్పటికే కబురు. నోట్లో, గిట్టల సందున పుండ్లు లేస్తాయి. పెద్దవి కుంటుతాయి. పిల్లలైతే బతకడం కష్టం. అందుకే కొత్తగా ఎవరొచ్చినా వాళ్ల మూతిని కావలికుక్క దాసన్న వాసన చూడాల్సిందే.

చూశాడు. "వాసన తగల్లేదు."

"రోగం లేదంట!" అవతలి బండ మీంచి నక్క చాటింది. "అల్లుణ్ణి తొట్టి దగ్గరికి పోనివ్వండమ్మా." మంద కుంటితే, వెనకబడ్డవాటిని వాగు దగ్గర పట్టుకోవచ్చని దాని ఆశ.

గొర్రెలు దారిచ్చాయి. పిల్లల తల్లి బొల్లి మాత్రం కదల్లేదు.

"దాసన్నా, రోగముండీ నీకు వాసన తగలని రోజులుంటాయా?"

దాసన్న చెవి గోక్కున్నాడు. "ఉంటాయి వదినా. పుండు లేస్తేనే కంపు. అందాకా నా ముక్కూ మొద్దే."

"అయితే అల్లుడు ముళ్లకంప అవతల ఉండాలి. రోజూ చూస్తూ ఉండు."

పొట్టేలు గెంతింది. "రోగిష్టివాడు ఇలా గెంతుతాడా అత్తా? బాగుంది నీ మర్యాద!"

"కోపమొస్తే కొమ్ములు ఆ రాయికేసి రుద్దుకో."

అప్పుడు చూసింది బొల్లి. తన చిన్నకూతురు పొట్టేలు మూతి నాకుతోంది.

బొల్లి పిల్లనూ కంప అవతలికి నెట్టింది, పొట్టేలుకు దూరంగా, వేరే మూలకి.

నక్క పకపకా నవ్వింది. "ఇదేం తల్లివమ్మా! పిల్ల బాగానే ఉందిగా?"

"అల్లుడూ బాగానే ఉన్నాడు."

కొన్నాళ్లకు పొట్టేలు మూతి దగ్గర దాసన్న ముక్కు ముడిచాడు. కంపు. జొల్లు. పొట్టేలు ఒక కాలు ఎత్తి నిలబడింది. "అత్తా..."

"మెత్తటి ఆకు తెస్తాం. పడుకో."

ఆ సాయంత్రం నక్క వాగు ఒడ్డున కాచుక్కూచుంది. మంద టకటకా దాటిపోయింది. వెనకబడింది ఒక్కటీ లేదు.

"ఎవరూ కుంటడం లేదేం?" అంది ఉండబట్టలేక.

"రోగం లేదని చాటింది నువ్వేగా!" బొల్లి నడక ఆపలేదు.

తగల్లేదన్న మాటను లేదన్న మాటగా వినకూడదు.

దొడ్డి వాకిట్లో బొల్లి తన పిల్లల లెక్క చూసుకుంది. పెద్దది వచ్చింది. కవలలు వచ్చారు.

"చిన్నదానికి ఈ పూటా వాసన లేదు వదినా!" దాసన్న కేకేశాడు.

"రేపూ చూడు."

కంప సందులోంచి చిన్నది తల్లిని చూసి మేఁ అంది. బొల్లి దాన్నీ లెక్కలో కలుపుకుంది.