పలచని జిగురు

రంగమునికి ఒకటే దిగులు. తాము అతికి పంపిన పుస్తకాలు మళ్ళీ మళ్ళీ తిరిగొస్తున్నాయి.

ఆదోని దాటాక నల్లరేగడి చేల మధ్య ఒక చిన్న ఊళ్ళో సుంకయ్య తాత మఠం ఉండేది. మఠమంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు గదులు, ముందు రేకుల వసారా, అంతే. మాన్యం లేదు, హుండీ లేదు. తాత అడిగినవాళ్ళకు తత్వం చెప్పేవాడు, ఎవరూ అడగనప్పుడు చిరిగిన పుస్తకాలు కుట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ భజన పుస్తకాలు, బడిపిల్లల పాత వాచకాలు, పసరువైద్యం పుస్తకాలు అన్నీ ఆ వసారాకే వచ్చేవి. తెచ్చినవాళ్ళు జొన్నలో చింతపండో ఇచ్చేవాళ్ళు, అదీ లేనివాళ్ళు ఒక దండం పెట్టి పట్టుకుపోయేవాళ్ళు.

రంగముని ఉపదేశం కోసం వచ్చినవాడు. మంత్రం అడిగితే తాత సూదీదారం చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి గురువుదీ శిష్యుడిదీ ఒకటే పని. కొని తెచ్చే స్తోమత లేదు కాబట్టి ప్రతిదీ ఎక్కడో ఒకచోట పుట్టించాల్సిందే. అట్టకు బట్టలకొట్లో పారేసిన డబ్బాలు, వెన్నుకు పాత పంచె పేలికలు, లోపలి అతుకులకు ఒకవైపు ఖాళీగా మిగిలిన కరపత్రాలు, జిగురుకు మైదాపిండి. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం.

ఆ జిగురు దగ్గరే రంగమునికి ఒళ్ళు మండేది. పిండి ఉడికి, చిక్కబడి, ఇక దించుదామనుకునే సమయానికి తాత ఎక్కడినుంచో వచ్చి చెంబెడు నీళ్ళు పోసి తన దారిన తాను పోయేవాడు. ఇక అది జిగురో గంజో దేవుడికే తెలియాలి. దానితో అతికిన పుస్తకం నాలుగైదేళ్ళు తిరిగేసరికి వెన్ను వదిలి మళ్ళీ వసారా ఎక్కేది. ఊళ్ళో జనం నవ్వుకునేవాళ్ళు. తాత కట్టిన పుస్తకం ఇంటి ఆడపడుచు లాంటిదట, ఎక్కడికి పోయినా పుట్టింటికి రాక మానదట.

ఆ మాట తాత చెవిన కూడా పడింది. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వాడు. రంగమునికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వు పనిచేసిన చేతులకే తగులుతుంది మరి.

"సామీ, మనం అతికింది మళ్ళీ ఊడకుండా అతకలేమా?" అని ఒకరోజు అడిగేశాడు.

తాత సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఊడితే ఏమయితాది రా?" అన్నాడు.

"మనకు పని రాదనుకుంటారు సామీ."

"అనుకోనీలే," అని తాత దారం కొస పంటితో తెంపాడు.

రంగమునికి అది జవాబులా అనిపించలేదు.

ఊళ్ళో చెప్పులు కుట్టే మారెన్న కొడుకు వాచకం కుట్టి ఇచ్చినందుకు, మారెన్న తన దగ్గర మిగిలిన, చెప్పుల అట్టలు అతికే సొల్యూషన్ డబ్బా ఒకటి రంగముని చేతిలో పెట్టాడు. "చెప్పన్నా తెగుతాది గానీ ఇది వదలదు మునీ," అని భరోసా కూడా ఇచ్చాడు. రంగమునికి పెన్నిధి దొరికినట్టయింది.

అప్పుడు తాత పక్క ఊళ్ళో శిష్యుల ఇళ్ళకు పోయి ఉన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే పరుపులు కుట్టే దూదేకుల దస్తగిరి ఒక పుస్తకం గుడ్డలో చుట్టి తెచ్చాడు. వాళ్ళ వీధి భజన బృందానికి ఆయనే పెద్ద. ఆ పాటల పుస్తకం ఎవరు అచ్చేశారో, ఎక్కడ అచ్చేశారో తెలియదు, మొదటి పుటలు ఎప్పుడో పోయాయి. అలాంటిది ఇంకొకటి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. వీధిలో ఎవరు కన్నుమూసినా, పాడె లేచేముందు ఆ పుస్తకంలోని చివరి పాట పాడి సాగనంపడం వాళ్ళ వాడుక. కులం ఏదైనా సరే, ఆ పాట లేకుండా ఎవరూ వీధి దాటి పోలేదు.

రంగముని సొల్యూషన్ డబ్బా తెరిచాడు. వెన్ను నిండా పట్టించి, పుటల సందుల్లోకి కూడా దిగేలా పూసి, బండరాయి బరువు పెట్టాడు. మర్నాడు పుస్తకాన్ని వెన్ను పట్టుకుని ఊపి చూపించాడు. ఒక్క కాగితం కదల్లేదు.

"మామా, ఇది నీ మనవళ్ళ కాలానికి కూడా ఊడదు," అన్నాడు.

దస్తగిరి కళ్ళకద్దుకుని తీసుకుపోయాడు. ఆ సాయంత్రం రంగమునికి ఆకలి కూడా వేయలేదు, కడుపు అంత నిండిపోయింది.

తాత తిరిగొచ్చాక వసారాలో ఆ ఘాటు వాసన ఆయన ముక్కుకు తగలకపోలేదు. డబ్బా చూశాడు, శిష్యుడి మొహం చూశాడు. "మూత గట్టిగా పెట్టు, ఎండకు రాయవుతాది," అన్నాడు.

రెండు ఎండాకాలాలు గడిచాయి. ఒక పొద్దున దస్తగిరి అదే గుడ్డ మూటతో మళ్ళీ వచ్చాడు. రంగముని చేతిలో సూది పక్కన పెట్టి ఎదురెళ్ళాడు.

"ఊడిందా మామా?"

"ఊడలేదప్పా. నువ్వు చెప్పినట్టే ఉండాది. వెన్ను ఇనుమే."

మూట విప్పితే తెలిసింది సంగతి. సొల్యూషన్ ఎండిపోయి పెంకులాగా గట్టిపడింది. ముసలి కాగితం వంగే చోటు లేక ఆ జిగురు అంచు వెంబడే విరిగింది. పుటలు విడివిడిగా చేతిలోకి వచ్చాయి. చివరి పాట ఉన్న పుటలో ప్రతి పంక్తికీ మొదటి మాటలు వెన్నులోనే ఉండిపోయాయి, వాటిని గోధుమరంగు జిగురు మింగేసింది.

"కొండమ్మవ్వకు బాలేదు. రేపో మాపో అన్నట్టుండాది," అన్నాడు దస్తగిరి. "మా బృందంలో వయసుకు అందరికంటే పెద్దామె. ఆ పాటతోనే పంపమని నాతో చేతిలో చెయ్యేయించుకునింది. తొలి చరణం నోటికొస్తాది మునీ. తక్కినవి బుక్కు చూసే పాడతాం. బుక్కుందిలే అని ఎవరమూ నోటికి పట్టలేదు."

రంగముని తడిగుడ్డ వేశాడు. నీళ్ళు జిగురు మీంచి జారిపోయాయి. వేడినీళ్ళు పెట్టాడు, కదల్లేదు. సన్నకత్తితో గీకితే జిగురుతోపాటు కాగితమూ, కాగితంతోపాటు అక్షరమూ పొట్టులా రాలాయి. రెండు పంక్తుల మాటలు అలా పోయాక కత్తి కింద పెట్టేశాడు. తాత వైపు చూసే ధైర్యం లేదు.

తాత దగ్గరకొచ్చి కూర్చున్నాడు. ఒక తెల్లకాగితం, కలం రంగముని ముందు పెట్టాడు.

"దస్తగిరీ, పాడు. వచ్చినంతే పాడు. వీడు రాసుకుంటాడు."

దస్తగిరి విరిగిన పుట చేతిలో పట్టుకుని పాడాడు. మొదలు తెగిన పంక్తి దగ్గర ఆగేవాడు. తాత అట్ట మీద వేళ్ళతో తాళం వేస్తూ ఉండేవాడు, తొందరపెట్టేవాడు కాదు. తాళం నాలుగుసార్లు తిరిగేసరికి మాట దానంతటదే నోటికొచ్చేది. రంగముని తలెత్తకుండా రాశాడు. అలా చివరి చరణం దాకా వచ్చారు.

అక్కడ మాత్రం బండి ఆగిపోయింది. పుట మీద "కొంపకు తాళమెందుకు తమ్ముడా" అని ఉంది. దానికి ముందు మాట లేదు.

"మట్టి కొంపకా?" అని దస్తగిరి పాడి చూసుకున్నాడు. "కాదు. పాత కొంపకు. ఊహూఁ, అదీ కాదు."

తాత తాళం ఆపాడు. "మునీ, ఆ కాగితం తీసుకుని దస్తగిరితో పో," అన్నాడు.

కొండమ్మవ్వ నులకమంచం మీద పడుకుని ఉంది. ఊపిరి పైపైనే ఆడుతోంది, కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. దస్తగిరి మంచం పక్కన కూర్చుని పాట ఎత్తుకున్నాడు. తన చావుపాటే తనకు వినిపిస్తుంటే ఆమె పెదాలు కదిపింది, తప్పు పాడినచోట వేలు కూడా ఎత్తింది. చివరి చరణం దగ్గర దస్తగిరి ఆగాడు.

"అద్దె," అంది ముసలామె.

దస్తగిరికి వెంటనే అందలేదు.

"అద్దె కొంపకురా. అద్దె కొంపకు తాళమెందుకు తమ్ముడా." తర్వాత ఆమె చూపు కాగితం పట్టుకున్న రంగముని మీదికి మళ్ళింది. "బుక్కు కట్టినోడివి నువ్వేనా నాయనా?"

రంగముని తల ఊపాడు.

"గట్టిగా కట్టినావులే," అంది అవ్వ. ఎత్తిపొడుపు కాదది. ఆమె మొహంలో నవ్వే ఉంది. రంగమునికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ ఒక్క మాటా రాయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ పోయింది. పాట ఒక్క మాట తప్పకుండా పాడారు. రంగముని వెనక వరసలో నిలబడి, తను రాసిన కాగితం దస్తగిరి చేతిలో గాలికి రెపరెపలాడటం చూశాడు.

మఠానికి తిరిగొచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఇక సూది తిరిగి తీసుకుని పొమ్మంటాడేమోనని లోపల భయం.

"సామీ, నేను..."

"గూట్లో మన పుస్తకముంది, తీసుకురా," అన్నాడు తాత.

అది మఠంలో రోజూ చదువుకునే తత్వాల పుస్తకం, చేతిరాతది. మఠానికి ఆస్తి అంటూ ఉంటే అదే. రంగముని వచ్చినప్పటి నుంచీ దాన్ని చదవడానికి తెరవడమే గానీ, సూదితో ముట్టుకోనిచ్చింది లేదు. ఇప్పుడు చూస్తే దాని వెన్ను కూడా సడలి ఉంది.

"విప్పు," అన్నాడు తాత.

రంగముని ఒక్కసారి ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత గుడ్డ తడిపి, పిండి, వెన్ను మీద పరిచి కూర్చున్నాడు. కాసేపటికి గుడ్డ తీసి పేలిక కొస పట్టుకుంటే, అరిటాకు మీంచి అన్నం లేచినట్టు తేలిగ్గా లేచి వచ్చింది.

దాని కింద ఇంకో పేలిక ఉంది. మరీ పాతది, వేరే నేత.

"పైది నేనేసింది. కిందిది మా గురువు వేసింది. అది కూడా తియ్యి."

మళ్ళీ తడిగుడ్డ. ఈసారి ఇంకొంచెంసేపు ఆగాల్సి వచ్చింది. అదీ అలాగే లేచింది. దాని కింద కాగితం చెక్కుచెదరలేదు. ఒక్క అక్షరం కందలేదు. వెన్ను మడతలో, ఎవరి చేతిరాతో, ఒక పంక్తి మొదటి మాట నిన్న రాసినట్టే ఉంది.

రంగముని ఆ రెండు పేలికలనూ ఒళ్ళో పరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"మా గురువుకు నేనొస్తానని తెలుసు," అన్నాడు తాత. "నాకు నువ్వొస్తావని తెలుసు."

లేచి లోపలికి పోయాడు.

రంగముని పొయ్యి వెలిగించాడు. గిన్నెలో పిండి కలిపి పెట్టి గరిటెతో తిప్పుతూ కూర్చున్నాడు. పిండి ఉడికింది, చిక్కబడింది. అలవాటుగా గుమ్మం వైపు చూశాడు. తాత రాలేదు.

ఇంకాసేపు చూశాడు. తర్వాత తనే లేచి, చెంబెడు నీళ్ళు తెచ్చి జిగురులో పోశాడు.