లోపలికి చూసే బోర్డు

మనింటి బోర్డు లోపలికెందుకు చూస్తుందనేగా నీ గొడవ, షారోనూ? పడుకో, చెప్తాను. ముందు దుప్పటి కాళ్ళమీదికి లాక్కో.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి చివర కాలవగట్టు పేటలో, సంపూర్ణం అని ఒకావిడ ఉండేది. ఆవిడ గుమ్మం మీద నీలంరంగు రేకు బోర్డు. దానిమీద తెల్లక్షరాలతో 'క్రీస్తే ఈ ఇంటి యజమాని' అని ఉండేది. వీధి మొదట్లోంచే కనపడేది.

ఉపవాస కూటాలకి బయటూరి నుంచి ఎవరొచ్చినా బస సంపూర్ణం ఇంట్లోనే. "బోర్డున్న ఇల్లు" అంటే చాలు, తిన్నగా వచ్చేసేవాళ్ళు. అదంటే ఆవిడకి ఎంత గొప్పో! గొంతు కూడా మంచిదే. గుళ్ళో పాటెత్తిందంటే పైన రేకులు మోగాల్సిందే.

ఒక వానాకాలం బోర్డు రంగంతా వెలిసిపోయింది. అప్పుడు సంపూర్ణం దాన్ని దింపించి, రంగులేసే అతనికి పంపింది. సరిగ్గా ఆ వారమే దీనమ్మగారు బస్సు దిగింది. ఊరూరా తిరిగి వాక్యం చెప్పే పెద్దావిడలే. చూస్తే బోర్డు లేదు. ఆవిడ ఆ ఊరు రావడం అదే మొదలు, ఇంటివాళ్ళ పేరేమో గుర్తు లేదు. ఎవరో చెప్పిన బోర్డు మీద మాటే గుర్తుంది.

అప్పుడు బోరింగు దగ్గరున్న అమ్మాయిని అడిగింది. "అమ్మాయ్, క్రీస్తు యజమానిగా ఉన్న ఇల్లు ఎక్కడ?"

"అలాంటి ఇల్లా?" అని ఆ పిల్ల ఆలోచించింది. "ఇక్కడొకావిడ రోజూ నా బిందె పక్కకి నెట్టేసి తన బిందె పెట్టుకుంటుంది. ఆ ఇల్లైతే కాదులెండి."

ఆ తర్వాత పాలు పోసే కొండయ్యని అడిగింది.

"ఒకింట్లో గిన్నె గుమ్మంలో పెట్టి, నా మొహం చూడకుండా తలుపేసేస్తారండీ. అది కాదు. మిగతావి నాకు తెలీదు."

ఆ తర్వాత ఒక అరుగు మీద ఒంటరిగా కూర్చున్న ముసలావిడని అడిగింది.

"క్రీస్తు యజమానా? మా ఇంట్లో యజమానురాలు మా కోడలే తల్లీ! అందుకే నేనీ పక్కింటి అరుగు మీదున్నాను. అదిగో, ఆ పాట వినపడే ఇల్లే. దాన్నే అడుగు."

అప్పుడు దీనమ్మగారు పాట వెంటే వెళ్ళింది. పెరట్లో సంపూర్ణం అంట్లు తోముతూ పాడుతోంది. అడుగుల చప్పుడికి తలైనా తిప్పలేదు.

"ఖాళీ లేదు, తర్వాత రండి."

"ఒక్క మాట చెప్పమ్మా. క్రీస్తు యజమానిగా ఉన్న ఇల్లు ఏది?"

సంపూర్ణం తిరిగి చూసింది. ఇదేనండీ అనబోయింది. ఆలోపే దీనమ్మగారు, పాపం ఏమీ ఎరగని మనిషి, ముగ్గురూ చెప్పింది చెప్పినట్టు చెప్పేసింది.

ఆ బిందె తనదే. ఆ తలుపు తనదే. ఆ ముసలావిడ తన అత్తగారే.

సంపూర్ణం చేతిలో గిన్నె కింద పెట్టింది.

"నాకూ తెలీదండీ," అంది చిన్నగా. "లోపలికి రండి, వెతుకుదాం."

ఆవిడకి మంచినీళ్ళిచ్చి, తిన్నగా అరుగు దగ్గరికెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది. "అన్నానికి రండత్తా."

"ఎవరొచ్చారేంటి, నువ్విలా పిలవడం చూడ్డానికి?" అంది ముసలావిడ.

మర్నాడు సంపూర్ణం తలుపు తీసి, "బాగున్నావా కొండయ్యా?" అంది. అతను కంగారుపడి సగం పాలు గుమ్మంలో పోశాడు. ఆ తర్వాత బోరింగు దగ్గర తన వంతు కోసం నిలబడింది. ఆ పిల్ల ఈ వింతకి వానొస్తుందేమోనని ఆకాశంకేసి చూసింది.

ఆదివారానికి బోర్డు కొత్త రంగుతో వచ్చింది. మొగుడు స్టూలెక్కి మేకు కొట్టబోతే సంపూర్ణం ఆపింది.

"ఇటు కాదు. లోపల కొట్టండి, పొయ్యికెదురుగా."

"లోపలెవరు చదువుతారే?"

"నేను చదవాలి. ముందు నాకు తెలియాలి కదా."

ఏంటలా చూస్తావు? ఆ స్టూలెక్కింది మీ తాతయ్యే. అరుగు మీదావిడ మీ తాతమ్మ. ఇంక సంపూర్ణం ఎవరో నువ్వే చెప్పుకో.

ఇప్పుడడిగితే మనిల్లు చూపిస్తారా అంటావా? ఏమో తల్లీ. నేనూ రోజూ అదే అనుకుంటాను. పొద్దున కొండయ్య కొడుకు పాలు పొయ్యడానికొస్తాడుగా, నువ్వే అడుగు. నేను వంటింట్లో ఉండి వింటాను.

కథ పోయె కంచికి,
కునుకొచ్చె కంటికి,
అడగాల్సిన మాటొకటి మిగిలింది మనింటికి.