ఆశీర్వాదం తెచ్చిన రెండో బస్తా

"అయ్యగారూ, పనికిరానిది తెచ్చి దేవుడి బల్ల దగ్గర పెడితే మనం తీసుకోవాలా?" అని ఆశీర్వాదం అడిగాడు. పాస్టరు ఫిలేమోను అయ్యగారి దగ్గర నాలుగేళ్లుగా బైబిలు వాక్యం నేర్చుకుంటున్నవాడు, ఇంత గట్టిగా ఆయన్ని ఎప్పుడూ అడిగి ఎరగడు.

అది కొత్త పంటలోంచి గుడికి కానుకలు తెచ్చే కోతల పండుగ ఆదివారం. ఆరాధన ముగిసినా జనం ఇంకా గుడి ఆవరణలోనే ఉన్నారు. కాసేపటి కిందటే లూదియమ్మ అనే ముసలామె చంకలో ఒక కోడిని పెట్టుకొచ్చింది. "గుడ్లు మానేసిన కోడండీ ఇది. గుడ్లు పెట్టేదాన్ని ఇంటి దగ్గర ఉంచుకున్నాను. దాని మీదే నా బతుకు," అని అందరూ వినేలా చెప్పి బల్ల దగ్గర వదిలింది. కొందరు నవ్వారు. ఆశీర్వాదానికి ఒళ్లు మండింది. "దేవుడంటే అంత చులకనా మామ్మా? ఇంట్లో పనికిరానిది తెచ్చి గుడికి అంటగడతావా?" అని నలుగురిలో కడిగేశాడు. ఆమె వెళ్లి గుమ్మం పక్కన కూలబడింది.

అయ్యగారు వరండాలో కానుక ధాన్యం ఉన్నచోటికి నడిచారు. ఆశీర్వాదం తెచ్చిన రెండు బస్తాల్లో ఒకటి మరీ తేలిగ్గా ఉందని, పొద్దున తాను ఒక చెయ్యి వేసి దింపినప్పుడే ఆయన గమనించారు. దాని మూతి విప్పి మోచేతిదాకా చెయ్యి దించారు. పిడికిట్లోకి వచ్చినదాన్ని చూసేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్లి చేట తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు.

"చెరుగు."

"ఇక్కడా అండీ?"

"ఇక్కడే. ఆమెను తిట్టిన చోటే."

ఆశీర్వాదం చెరిగాడు. మొదటి రెండు చేటలూ నిండైన గింజ. ఆ తర్వాత గింజ లేని తాలు లేచింది. గాలికి ఎగిరి జనం బట్టల మీద పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది అతనికి మరీ మంటగా ఉంది. ముందు అయ్యగారి మీద కోపం వచ్చింది, తర్వాత ముసలామె మీద. వానలకు చేను సగం పడిపోయింది. ఒక్క బస్తా తెచ్చినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ కిందటేడు రెండు ఇచ్చినవాడాయె. పొద్దున బల్ల దగ్గర నిలబడి, "ఆశీర్వాదం, మొదటి పంట, రెండు బస్తాలు," అని కానుకల జాబితాలో తన పేరు తానే చదివాడు. చెరిగేకొద్దీ కోపగించుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. చేతులు ఆగిపోయాయి.

"ఇంటికెళ్లి మంచి గింజ తెచ్చి నింపుతానండీ."

"ఉందా?"

ఆశీర్వాదం చేట కింద పెట్టాడు. "లేదండీ. ఉన్నది పిల్లల తిండికే."

"ఈ మాట పొద్దున ఏమైంది?" అన్నారు అయ్యగారు. ఆయన కోపం ఇంకా దిగలేదు. గుమ్మం వైపు చెయ్యి చూపించారు. "వెళ్లి ఆమె దగ్గర కూర్చో. ఇంట్లో ఏం ఉంచుకున్నామో దాచకుండా నలుగురిలో ఎలా చెప్పాలో నాకంటే ఆమె బాగా నేర్పుతుంది."