మసి పట్టని గ్రంథం

ఒకానొక కాలంలో, ఎప్పటి మాటో నేను చెప్పలేను గాని, కుందనగిరి రాజ్యంలో పోలయ్య అనే పెద్దాయన ఉండేవాడు. రాజుగారి గ్రంథాలయానికి తాటాకులు కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి ఇవ్వడం ఆయన పని. పండితులు గంటంతో గీసిన గీతల్లోకి మసి పట్టించేదీ ఆయనే. నలభై ఏళ్ళు చేశాడు. ఒక్క అక్షరం ముక్క రాదు.

పని మానేశాక, అరవై అయిదో ఏట, ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నాడు. కూడబలుక్కుని చదవడం రాగానే గ్రంథాలయం గుమ్మమెక్కాడు. తన చేతి ఆకుల్లో ఏముందో తెలియకుండానే పోతానేమోనని ఆయన బెంగ.

ఆస్థాన పండితుడు త్ర్యంబకశాస్త్రి గుమ్మంలోనే అడ్డం పడ్డాడు.

"ఆకులు కోసేవాడికి గ్రంథాలెందుకోయ్?"

తగవు రాజుదాకా వెళ్ళింది. గజసింహ మహారాజుకి తన గ్రంథాలయమన్నా, దాని తాళమన్నా మహా గొప్ప. మీసం దువ్వుకుని అన్నాడు: "మా పండితులు చదవలేనిది, నువ్వు చదవగలిగేది అందులో ఒక్కటి చూపించు. తలుపు తెరిపిస్తాను. లేదా, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకు."

సభంతా నవ్వింది. పోలయ్య చేతులు జోడించాడు.

"ఏలినవారి చరిత్ర తెప్పించండి ప్రభూ," అన్నాడు మెల్లిగా.

"మా చరిత్రా? దాన్ని శాస్త్రిగారు రోజూ పారాయణ చేస్తున్నారే!"

"మూడేళ్ళుగా, ఒక్క పూట తప్పకుండా," అన్నాడు శాస్త్రి దర్జాగా.

పట్టుగుడ్డలో చుట్టిన గ్రంథం వచ్చింది. ముడి విప్పితే ఆకులన్నీ బోసిగా ఉన్నాయి. శాస్త్రి వెలుతురుకి పెట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"అక్షరాలేవీ?" అన్నాడు రాజు.

"ఉన్నాయి ప్రభూ," అన్నాడు పోలయ్య. " గీసిన ఉత్సాహంలో మసి పట్టించకుండానే పెట్టెలో పెట్టేశారు. ఆకులిచ్చింది నేనే; దీనికి మసి పట్టించమని మాత్రం నన్నెవరూ పిలవలేదు."

పోలయ్య దీపపు మసిలో నూనెచుక్క కలిపి, మొదటి ఆకుకి రాసి, గుడ్డతో తుడిచాడు. బోసి ఆకుమీద ఒక్కో అక్షరమే నల్లగా పైకి తేలింది. రాజు సింహాసనం దిగివచ్చి వంగి చూశాడు.

"గ... జ... సిం... హ..." పోలయ్య వేలు పెట్టి చదివాడు. వేల ఆకులకి మసి పట్టించిన మనిషికి, తేలిందేమిటో తెలియడం ఇదే మొదలు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రాజు శాస్త్రివంక గుడ్లురిమాడు. "నా పేరు నా పెట్టెలోనే మాయమైందే!"

"తాళం వేసుకుంటే ఎవరి పేరైనా అంతే ప్రభూ," అన్నాడు పోలయ్య.

ఆ మాటకి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి ఇవ్వబోయాడు.

"తలుపు చాలు ప్రభూ. నాకొక్కడికే కాదు, చదవాలనుకున్న అందరికీ, ఊరికే."

తాళం తీయించేశాడు రాజు. మిగతా ఆకులకి మసి పట్టించే పని శాస్త్రికి అప్పగించాడు.

మర్నాడు పోలయ్య లోపలికెళ్ళి చేతికందిన గ్రంథం తీశాడు. మొదటి ఆకు అంచు వంకర. కొత్తలో చెయ్యి తడబడి తను కోసిన ఆకే. దానిమీద చుక్కల నడక గురించి రాసుంది. ఇన్నాళ్ళూ ఆకాశాన్ని చేత్తో తుడిచానా అని నిర్ఘాంతపోయాడు. అన్నానికి రమ్మని భార్య కబురంపితే, "ఇంకొక్క ఆకు" అన్నాడట.