సంతకానికి విడిచిన చోటు

సోమవారం, పగలు మూడు గంటలు. పొద్దుటి నుంచి సన్నగా ముసురు.

అర్జీ కాగితం తడవకుండా కొంగు కింద పెట్టుకుని ఖాసిం స్వామి ఇంటికి పోయాను. దానిమీద నూట నలభై మంది సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. మొదటి వరస మాత్రం ఖాళీగా విడిచిపెట్టాం, స్వామి కోసం.

ఒక నవలను నిషేధించమని కలెక్టరుకు రాసిన అర్జీ అది.

ఖాసిం స్వామి మాకు గురువు. పొట్టకూటికి పుస్తకాలు కుడతాడు. బడి రిజిస్టర్లు, నమాజు పుస్తకాలు, పూజ పుస్తకాలు, ఏది చిరిగినా ఆయన దగ్గరికే వస్తుంది. ఈ పనీ, ధ్యానమూ రెండూ ఆయనకు నేర్పింది పెద్దస్వామి. కన్నబిడ్డను ఆకలికి వదిలేసి పారిపోయి వచ్చి పెద్దస్వామి సాధువయ్యాడని ఆ నవలలో రాశారు. ఎనభై అయిదో పేజీలో. ఆ పేజీ ఫోటో మా ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఉంది.

స్వామి అర్జీ చదివాడు. చదివి నాకే ఇచ్చాడు.

"ఎంత ఉంటుందమ్మా ఆ పుస్తకం?"

"అంటే స్వామీ?"

"మందం. ఎన్ని పేజీలు?"

"ఎనభై అయిదు ఉంది. ఆ తర్వాత తెలీదు."

"మంచిది," అని సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు. అప్పుడు నా ఫోను మోగింది. షంషాద్. నా కూతురు. ఊరి లైబ్రరీలో పని చేస్తుంది. ఆ నవల ఊళ్ళో ఉన్నది అక్కడొక్కచోటే.

"అమ్మా, మనోళ్ళు కిటికీ పగలగొట్టినారు. నేను లోపల గడియ పెట్టుకున్నా. తమ్ముడు కూడా వాళ్ళలోనే ఉండాడు."

పొద్దున నా కొడుకు దాదాపీరును లేపి అక్కడికి పంపింది నేనే. అందరూ గురువు కోసం పోతాంటే నువ్వు ముసుగు తన్ని పడుకున్నావా అని తిట్టి పంపాను. సోమవారం షంషాద్‌కు సెలవు కదా అనుకున్నాను. సెలవు రోజు మారిందని అది నాకు చెప్పే ఉంది. నేనే మరిచిపోయాను.

స్వామి సూది, దారం, మైదా జిగురు డబ్బా సంచిలో వేసుకున్నాడు. "పా అమ్మా."

ఆయనకు డెబ్బై దాటాయి. మెల్లగా నడుస్తాడు.

"స్వామీ, నేను పరిగెత్తనా?"

"పరిగెత్తు. నేను వస్తా."

పది అడుగులు పరిగెత్తాను. ఒక్కదాన్నే పోయి ఏం చేయగలను? వెనక్కి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

లైబ్రరీ ముందు నలభై మంది దాకా ఉన్నారు. అంతా తెలిసిన ముఖాలే. పగిలిన కిటికీలోంచి చెయ్యి పెట్టి బల్లమీది ఆ నవలను లాగింది నా కొడుకేనట. వాడి మణికట్టుకు రుమాలు చుట్టి ఉంది, ఎర్రగా. పుస్తకం అట్ట ఒకచోట, కాగితాలు ఒకచోట. కొన్ని చేతుల్లో, కొన్ని మెట్లమీద తడుస్తున్నాయి. హుసేనప్ప దగ్గర కిరోసిన్ డబ్బా ఉంది. హుసేనప్ప అంటే మా అందరికంటే ముందు నుంచీ స్వామి దగ్గర ఉన్నవాడు.

నా కాలి దగ్గర ఒక కాగితం. ఎనభై అయిదు. ఫోటోలో వందసార్లు చూసిందే. స్వామి కంట పడకూడదని తీసి కొంగులో దాచాను.

స్వామి వసారాలోకి పోయి, మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. అట్టను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒకటో పేజీ ఎవరి దగ్గరుంది నాయనా?"

"లెయ్యండి స్వామీ," అన్నాడు హుసేనప్ప. "ఇట్లాంటివి లోపల ఇంకా ఉంటాయి. ఆ పిల్ల తలుపు తీయదు. పొగరు."

తలుపు వెనక నుంచి షంషాద్ గొంతు. "పొగరే, హుసేనప్ప మామా. నీ డబ్బా ఇంటికి తీస్కపో. అత్త పొయ్యి రాజేసుకోక తిట్టుకుంటా ఉంటుంది."

ఎవరో నవ్వారు. హుసేనప్ప వెనక్కి తిరిగి చూశాడు.

"చిరిగింది కుట్టడం నా పని," అన్నాడు స్వామి. "నాది అయినాక మీది చేసుకోండి. ఒకటో పేజీ."

ఒకతను ముందుకొచ్చి ఇచ్చాడు. స్వామి దాన్ని పంచెతో అద్దాడు. "మూడు?"

మూడు దొరికింది. అయిదు దొరికింది. "ఏడు ఎవరిది? ఇంత వంకరగా ఎట్ల చించినావురా, అన్నం తినలేదా?"

"స్వామీ, నా దగ్గర నూట పదమూడు ఉంది."

"ఆగు. నీ వంతు రానీ. తడపొద్దు."

వాడు దాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు. పక్కవాడూ అట్లే పెట్టుకున్నాడు. కాగితంమీద అంకె కనపడాలంటే బురద తుడవాలి. తుడిస్తే అక్షరాలు కనపడతాయి. కొందరు అంకె చూసి ఊరుకున్నారు. కొందరు నిలబడి చదువుతున్నారు. హుసేనప్పకు మెట్ల కింద ఆరు కాగితాలు దొరికాయి. రెండు చేతులూ కావలసి వచ్చి డబ్బా కింద పెట్టాడు.

పోలీసు జీపు వచ్చి ఆగింది. ఎస్సై దిగి, ఏం జరుగుతోందిక్కడ అన్నాడు.

"పుస్తకం కుడుతున్నాం సార్," అన్నాడు హుసేనప్ప.

ఎస్సై అందరి ముఖాలూ చూశాడు. జీపు పక్కకు తీయించి అక్కడే నిలబడ్డాడు.

"ఎనభై మూడు," అన్నాడు స్వామి. వచ్చింది. "ఎనభై అయిదు."

రాలేదు.

"ఎనభై అయిదు ఎవరి దగ్గర?"

అందరూ తలలు దించుకున్నారు. అది లేకపోతేనేం స్వామీ అని ఎవరో మెల్లగా అన్నారు. స్వామి సూది పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నావైపు చూడలేదు. అదే నాకు కష్టంగా ఉంది.

కొంగులోంచి తీసి ఇచ్చాను.

ఆయన చదివాడు. ఈ పక్క, ఆ పక్క. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నిజమా స్వామీ?" అన్నాను.

"అబద్ధం," అన్నాడు. "ఆయన బిడ్డను మట్టిలో పెట్టి వచ్చినవాడు. వదిలేసి కాదు."

మా ఎవరికీ ఈ సంగతి తెలియదు.

"మరి ఈ ఒక్కటీ వదిలేయండి స్వామీ. మీ చేత్తో ఎందుకు కుట్టడం?"

"ఇది ఒంటి ఆకు కాదమ్మా. ఒకటే కాగితం మడిస్తే రెండు ఆకులు. దీని జత తొంభై ఒకటి. ఇది తీస్తే అదీ నిలవదు." తల ఎత్తాడు. "తొంభై ఒకటి?"

దాదాపీరు జేబులోంచి తీశాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది.

రెండు ఆకులూ మడత దగ్గర విడిపోయాయి. మధ్యలో అతకడానికి సన్నటి కాగితం పట్టీ కావాలి. స్వామి సంచి వెతికాడు. లేదు.

"నీ దగ్గర కాగితం ఉందా మాబున్నమ్మా?"

నా దగ్గర అర్జీ ఒక్కటే ఉంది.

"అంతా వద్దు," అన్నాడు. "నా సంతకానికి విడిచిన చోటు చాలు."

చించాను. తిన్నగా రాలేదు. ఆయన దానికి మైదా పూసి రెండు ఆకుల మధ్య అతికించాడు. ఆరేదాకా పట్టుకోమన్నాడు. ఎనభై అయిదు నేను, తొంభై ఒకటి నా కొడుకు. వాడి చేతి నెత్తురు కాగితానికి అంటకుండా వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

వెనక గడియ తీసిన చప్పుడైంది. షంషాద్ వచ్చి తమ్ముడి మణికట్టుకు తన చున్నీ చుట్టింది. "ఎద్దువిరా నువ్వు," అంది.

"నీకు తగల్లేదు కదా?" అన్నాడు వాడు.

చివరి కుట్టు పడేసరికి చీకటి పడుతోంది. హుసేనప్ప తన డబ్బా తీసుకుని ఎప్పుడు పోయాడో చూడలేదు. స్వామి పుస్తకాన్ని గుడ్డలో చుట్టి నాకిచ్చాడు.

"ఇంకా పచ్చిగా ఉంది. తెల్లారేదాకా బరువు కింద పెట్టు. మీ ఇంట్లోనే."

ఇంటికొచ్చి రుబ్బురోలు పొత్రం తుడిచి దానిమీద పెట్టాను. అన్నం వండాను.

తలుపు వేసే ముందు ఎవరెవరు వచ్చారో గడప దగ్గర లెక్క చూసుకున్నాను. షంషాద్ చెప్పులు రెండూ ఉన్నాయి. దాదాపీరుది ఒకటే ఉంది, రెండోది గుంపులో పోయింది. లోపల పొత్రం కింద ఆ పుస్తకం.

ముగ్గురూ వచ్చారు.