తుమ్ముల వెంగమ్మ, మూడు తెల్ల పలుకులు

ఆ సీసా అక్కడ పెట్టెయ్, పండూ. మూత తియ్యకు. అది పెద్దవాళ్ళది, నీ ముక్కు దగ్గరికి రాకూడదు. దాని కథ కావాలంటే చెప్తాను. ఇలా వచ్చి పడుకో. ఊఁ కొట్టాలి మరి.

అనగనగా ఒక ఊరు ఉండేది. దాని పేరు ఎర్రకల్లాలు. మాఘమాసం వచ్చిందంటే చాలు, ఊరి చుట్టూ మిరపకాయలు ఆరబోసేవాళ్ళు. నేలంతా ఎర్ర దుప్పటి పరిచినట్టు ఉండేది. గాలి వీస్తే ఒకటే ఘాటు. ఆ ఊళ్ళో కాకులు కూడా కళ్ళు నులుముకుంటూ ఎగిరేవి.

ఆ ఊళ్ళో వెంగమ్మ అని ఒక పెళ్ళీడు పిల్ల ఉండేది. తండ్రి లేడు. తల్లి పేరు గురవమ్మ. తల్లీకూతుళ్ళిద్దరూ కల్లంలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీసేవాళ్ళు. తొడిమలు తీయడమంటే ఏమనుకున్నావ్? చేతులు మండుతాయి. ఆ చేత్తో అన్నం తింటే పెదాలు మండుతాయి. మర్చిపోయి కన్ను నలుపుకున్నావో, ఇక నీ పని అంతే! ఏళ్ళ తరబడి నేనూ తీసినదాన్నే, నాకు ఒకరు చెప్పాలా?

వెంగమ్మకి పొద్దున లేవగానే తుమ్ములొచ్చేవి. హాచ్! హాచ్! హాచ్! ముక్కు కారేది. కళ్ళు వాచేవి. ఇప్పుడు మీ డాక్టరమ్మ అలర్జీ అంటుంది చూడు, అదే. అప్పుడు ఆ మాట ఎవరికి తెలుసు?

తుమ్మితే తుమ్మింది, ఎవరికేం పోయింది అంటావా? అక్కడే ఉంది చిక్కు. ఆ ఊళ్ళో ఎవరైనా బయల్దేరేటప్పుడు తుమ్ము వినపడితే ఆగిపోవాలి. కూర్చోవాలి. మంచినీళ్ళు తాగాలి. అప్పుడు మళ్ళీ లేవాలి. మళ్ళీ వినపడితే మళ్ళీ కూర్చోవాలి. గురవమ్మ ఇల్లేమో సరిగ్గా బండ్ల బాట పక్కనే!

ఒకరోజు చలమయ్య మిరప బండి సంతకి బయల్దేరింది. ఎద్దుల్ని కట్టాడు. హాచ్! ఎద్దుల్ని విప్పాడు. నీళ్ళు తాగి మళ్ళీ కట్టాడు. హాచ్! మళ్ళీ విప్పాడు. కట్టడం, విప్పడం, కట్టడం, విప్పడం. చివరికి ఎద్దులకే విసుగొచ్చి బాటలో పడుకున్నాయి.

ఆ తర్వాత ఒక కుర్రాడు పెళ్ళిచూపులకి బయల్దేరాడు. మల్లెపూవులాంటి పంచె కట్టాడు. పాపం, వెంగమ్మ తుమ్మినప్పుడల్లా వాడికి చెంబెడు నీళ్ళు తాగించారు. ఎలాగో పిల్ల ఇంటికి చేరాడు. చేరాక పిల్లని చూడలేదు, ఏం చూడలేదు, తిన్నగా పెరట్లోకి పరిగెత్తాడు! నవ్వకు, ఇంకా ఉంది.

ఆ తర్వాత ఊరిపెద్ద సింగరయ్య కిర్రుచెప్పులు వేసుకుని కూతురి ఊరికి బయల్దేరాడు. హాచ్! వెనక్కి వచ్చాడు. మళ్ళీ బయల్దేరాడు. హాచ్! ఈసారి చెప్పులు తీసి గురవమ్మ గుమ్మంలోకి విసిరాడు.

"ఒసే గురవమ్మా! నీ కూతురి ముక్కు ఊరందరికీ శనిలా దాపురించింది. అమావాస్య నాడు కల్లం దగ్గర అందరి ముందూ మాట చెప్పేస్తా. మీరు ఊరొదిలి కాలవ అవతలికి పోవాల్సిందే!"

కాలవ అవతల ఏముందిరా? ముళ్ళకంప ఉంది. పనిచ్చేవాడు లేడు. పని లేకపోతే పొయ్యి మీద కుండ లేదు. తొడిమలు తీయించుకునేటప్పుడు ఆ పిల్ల ముక్కు వీళ్ళకి అడ్డం రాలేదు చూశావా! నాకు ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు మండుతుంది. సరే, కథలోకి వద్దాం.

అప్పుడు పక్కింటావిడ వచ్చి, "దిష్టి తగిలిందే గురవమ్మా, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యి" అంది. గురవమ్మ దోసిలి నిండా మిరపకాయలు తీసుకుని, కూతురి చుట్టూ తిప్పి, నిప్పుల్లో వేసింది. ఇంకేముంది! వీధి వీధంతా తుమ్ములే. కుక్క తుమ్మింది, గేదె తుమ్మింది, పక్కింటావిడ అందరికంటే గట్టిగా తుమ్మింది. ఆ రోజు ఊళ్ళో ఎవరూ ఎక్కడికీ పోలేదు.

ఆ తర్వాత తల్లీకూతుళ్ళు దూరాన ఉన్న సంతకి నడిచి వెళ్ళారు. అక్కడ పచారీ కొట్టు అవ్వ వెంగమ్మ ముక్కు చూసింది. మూడు పొట్లాలు తీసింది. ఒకటి ముద్దకర్పూరం. ఒకటి పుదీనా పువ్వు. ఒకటి వాము పువ్వు. పువ్వంటే పూసే పువ్వు కాదురా, పుదీనా నూనె, వాము నూనెల్లోంచి పేరుకున్న తెల్ల పలుకులు. మూడింటినీ ఒక సీసాలో వేసి మూత పెట్టింది. పొయ్యి లేదు, నిప్పు లేదు. ఊపుతూ ఉంటే ఆ పలుకులు ఒకదాన్నొకటి తాకి, చెమర్చి, కరిగి, నూనైపోయాయి!

"గుడ్డ కొసకి ఒక్క చుక్క" అంది అవ్వ. "కాస్త ఎడంగా పట్టుకుని వాసన పీల్చు. తాగావా, చస్తావ్. ముక్కులో పోసుకున్నావా, గంతులేస్తావ్. పసిపిల్లలకి చూపించనే చూపించకు. ఇంకో మాట వినవే పిల్లా. ఇది ముక్కుకి హాయినిస్తుంది, అంతే. తుమ్ము ఎక్కణ్ణించి వస్తోందో వెతుక్కోవడం నీ పని."

పొద్దుపోయిందని ఆ పూటకి సంత దగ్గరున్న సత్రంలో పడుకున్నారు. తెల్లారింది. గురవమ్మ అలవాటు కొద్దీ చెవులు మూసుకుంది. తుమ్ము రాలేదు.

"నూనె బాగా పనిచేసిందే!" అంది సంబరంగా.

"ఇంకా మూతే తియ్యలేదు కదే అమ్మా" అంది వెంగమ్మ. అని, అలాగే కూర్చుండిపోయింది. ఏదో తట్టింది ఆ పిల్లకి.

ఇంటికి వచ్చి తన పడక వైపు చూసింది. తల పెట్టే చోట ఏమున్నాయి? కప్పు దాకా పేర్చిన మిరప బస్తాలు! ఎవరివి? సింగరయ్యవి! కొట్టు నిండిపోయిందని, రెండు రోజులు ఉంచుకోమని తెచ్చి పడేశాడు. ఏడాది గడిచినా తీసుకెళ్ళలేదు. ఊరిపెద్ద కదా, అడిగే నోరెవరికి ఉంది? ఆ బస్తాల దుమ్ములోనే వెంగమ్మ రోజూ నిద్రపోతోంది.

మర్నాడు పొద్దున మళ్ళీ తుమ్ములే. అప్పుడు గుడ్డ కొసకి ఒక్క చుక్క వేసి పీల్చింది. చల్లగా, ఘాటుగా, ముక్కులో కిటికీ తెరిచినట్టయింది. హాయిగా ఊపిరి ఆడింది. ఊపిరి ఆడితే ధైర్యం కూడా వస్తుందిరా పండూ.

అమావాస్య వచ్చింది. కల్లం దగ్గర ఊరంతా చేరింది. కూలీలు మిరపకాయలు తిరగేస్తున్నారు. గాలి సరిగ్గా సింగరయ్య మొహం మీదికే కొడుతోంది. ఆయన లేచి, మీసం సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఊరందరి తరఫునా చెప్తున్నా... హాచ్!"

వెంగమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"శకునం బాగాలేదు పెదనాన్నా. కూర్చో. నీళ్ళు తాగు."

కూర్చున్నాడు. తాగాడు. లేచాడు. "ఈ తల్లీకూతుళ్ళు... హాచ్!" మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ తాగాడు. మళ్ళీ లేచాడు. "ఊరొదిలి... హాచ్! హాచ్! హాచ్!"

"ఇంక చెప్పకూడదు సింగరయ్య బావా!" అని అరిచాడు చలమయ్య. "నా ఎద్దులకొక రూలు, నీ నోటికొక రూలా?"

కల్లం కల్లమంతా గొల్లున నవ్వింది. పెళ్ళిచూపుల కుర్రాడు అందరికంటే ఎక్కువ నవ్వాడు. "ఇంకో చెంబు తాగు మావా!" అన్నాడు.

సింగరయ్యకి ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి. వెంగమ్మ నవ్వలేదు. ఆయన కండువా కొస పట్టుకుని ఒక్క చుక్క వేసింది. "ఎడంగా పట్టుకుని పీల్చు పెదనాన్నా" అంది. ఆయన పీల్చాడు. "అబ్బ!" అన్నాడు.

"దీంతో తుమ్ము పోతుందంటావా పిల్లా?"

"ఊరట వస్తుంది, అంతే. పోవాలంటే దుమ్ములోంచి పక్కకి జరగాలి. నువ్వు ఇప్పుడే నాలుగడుగులు వేసి జరగొచ్చు. నేనెక్కడికి జరగను పెదనాన్నా? నా తలగడ పక్కనే నీ బస్తాలు. ఊరు దాటాల్సింది నేను కాదు, అవి!"

ఈసారి ఎవరూ తుమ్మలేదు. అంతకంటే మంచి శకునం ఏముంటుంది? చలమయ్య లేచి బండి కట్టాడు. బస్తాలన్నీ గురవమ్మ ఇంట్లోంచి బయటికొచ్చాయి.

సింగరయ్య వాటిని తన పడసాలలో వేయించుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయన ఇంట్లోంచి వినపడింది. హాచ్! ఆయన భార్య హాచ్! వంటమనిషి హాచ్! ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదులే, ఊరి బయట గాలి పోయే చోట పెద్ద కొట్టు కట్టించాడు. తొడిమలు తీసే ఆడవాళ్ళందరికీ ముక్కుకి కట్టుకోవడానికి మెత్తని గుడ్డలిచ్చాడు. ఇవ్వకపోతే వెంగమ్మ ఊరుకుంటుందా?

ఇప్పటికీ ఆ ఊళ్ళో తుమ్ము వినపడితే ఆగుతారు. కూర్చుంటారు. కాకపోతే చెంబు ముందు తుమ్మినవాళ్ళకి ఇస్తారు. "ఏమ్మా, ఎక్కడ పడుకుంటున్నావ్?" అని అడుగుతారు.

ఆవలిస్తున్నావ్, ఇంక కళ్ళు ముయ్యి. దుప్పటి దులిపే కప్పానులే.

కథేమో కంచికి,
కారమేమో సంచికి,
తుమ్మిందేమో మంచికి,
మా పండేమో మంచానికి!